తిరగని చక్రాల మోత

సానాయన ఇంటి వెనక గదిలో నాలుగు సాన చక్రాలున్నాయి. నాలుగింటికీ వేరువేరు మోటార్లు, వేరువేరు స్విచ్చులు. ఒక్క యంత్రం పెట్టుకుని పనిని బట్టి చక్రం మార్చుకుంటే పోయేదానికి గది నిండా ఈ సరంజామా ఎందుకని వచ్చినవాళ్ళల్లా అడుగుతూనే ఉంటారు. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇరుసు మీద కుదురుకున్న చక్రాన్ని ఊడదీసి మళ్ళీ బిగిస్తే అది మునుపటిలా కుదురుకోదు, వణుకుతుంది. చక్రం వణికితే ఉలి వణుకుతుంది, ఉలి వణికితే అంచు మీద అలలు లేస్తాయి. కుదురుగా ఉన్నదాన్ని కదపడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు.

ఆయన భార్య ఆ నాలుగింటికీ వరసలు కలిపింది. ముట్టుకుంటే నిప్పులు కక్కే బూడిదరంగు గరుకు చక్రం అత్తగారు. సన్నటి గొంతుతో సాగదీస్తూ మాట్లాడే తెల్ల చక్రం ఆడపడుచు. నీళ్ళ తొట్టిలో సగం మునిగి నింపాదిగా తిరిగే పెద్ద రాతి చక్రం తోడికోడలు. చల్లగా ఉంటూనే అరగదీస్తుందట. చివరన మెరుగు పెట్టే గుడ్డ చక్రం కొత్తకోడలు. "ఇంతమంది మధ్య కాపురం చేసినదాన్ని, నాకు శాలువా కప్పాలి అసలు" అంటుంది.

ఆ మధ్యాహ్నం వడ్రంగి తన ఉలుల మూట విప్పి బల్ల మీద పరిచాడు. వెడల్పువి, సన్నవి, అంచు గుండ్రంగా ఉన్నవి. కొన్ని మేకులకు తగిలి పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి.

"ఎల్లుండికల్లా కావాలి పెద్దాయనా. గుమ్మాలు నిలబెట్టాలి. ఆ ఇంటావిడ నన్ను నిలబెట్టి కడిగేస్తోంది."

"గట్టిగా చెప్పవోయ్, గొణుగుతావేం?"

వడ్రంగి ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె తండ్రి ఎదురుగా వచ్చి నిలబడి, "ఎల్లుండికి కావాలట నాన్నా" అని విడమరిచి చెప్పింది.

"ఆ ముక్క అలా చెప్తే పోయేదిగా. ఈమధ్య మనుషులు నోరు తెరిచి మాట్లాడ్డం మానేశారు."

"మనుషులు మానెయ్యలేదు. మీరే మీ చెవులు ఆ చక్రాలకి తాకట్టు పెట్టేశారు" అంది భార్య గుమ్మంలోంచి. ఆ మాట ఆయనకు అందలేదు. వడ్రంగి నవ్వడం చూసి అది తన మీదేనని మాత్రం గ్రహించాడు.

మనుషుల మాటలు మసకబారుతున్నాయని ఆయనకూ తెలుసు. దాని గురించి పెద్ద దిగులు లేదు. చక్రాలు వినిపిస్తున్నాయి, అది చాలు. స్విచ్చి వెయ్యగానే గరుకు చక్రం గొంతు సవరించుకోవడం, గరగరమంటూ పైకి లేవడం, ఉలి తగలగానే ఆ గరగర కాస్తా కీచుగా మారడం, అన్నీ ఎప్పటిలాగే వినిపిస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఎప్పటికన్నా స్పష్టంగా వినిపిస్తున్నాయి. కావలసినవి ఉంచుకుని అక్కర్లేనివి వదిలించుకోవడం వయసు చేసే తెలివైన పని అనుకునేవాడు.

వెడల్పాటి ఉలి ఒకటి తీసి గరుకు చక్రం ముందున్న పట్టె మీద ఆనించాడు. రవ్వలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ఉక్కు అంచు లేత పసుపులోకి తిరుగుతుండగా ఠక్కున తీసి నీళ్ళలో ముంచాడు. ఇంకో క్షణం ఆగితే నీలం తిరిగేది. నీలం తిరిగిన ఉక్కు చచ్చిన ఉక్కు. తర్వాత ఎంత సాన పట్టినా దానికి పదును నిలవదు.

ఆ నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడటం కూతురి పని. గరుకు చక్రం నుంచి తెల్ల చక్రానికి ఉలి మారినప్పుడు ఆమె కూడా జరిగి, తెల్ల చక్రానికి ఎదురుగా నిలబడుతుంది. పని అయ్యాక అయస్కాంతం ముక్కకు కాగితం చుట్టి బల్ల మీదా నేల మీదా తిప్పుతూ ఇనప రజను ఏరుతుంది. సాన పట్టిన అంచులకు పాత గుడ్డపీలికలు చుడుతుంది. ముప్పయ్యేళ్ళు దాటిన మనిషి. చక్రానికి ఉలి ఆనించింది మాత్రం ఎన్నడూ లేదు.

"అమ్మాయికి కూడా ఒక చక్రం అప్పగించెయ్యరాదూ పెద్దాయనా? నాలుగున్నాయిగా" అన్నాడు వడ్రంగి, ఈసారి గట్టిగానే.

"దానికి చెవి లేదోయ్" అన్నాడు సానాయన. "రవ్వలు చూడ్డానికి కళ్ళు అందరికీ ఉంటాయి. ఉలి పట్టుకోడానికి చేతులుంటాయి. ఉక్కు ఎక్కడ వేడెక్కిందో, చక్రం ఎక్కడ రజను పట్టి మూసుకుపోయిందో చెప్పేది చెవి. అది పుట్టుకతో రావాలి."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు. పొడుగు, పొట్టి సంగతి చెప్పినట్టు చెప్పాడు. కూతురు వంగి రజను ఏరుతోంది. అయస్కాంతం చుట్టూ నల్లటి నూగు లేచి నిక్కబొడుచుకుంది. దాన్ని డబ్బాలోకి దులిపి, "తెల్లది బొత్తిగా అరిగిపోయింది నాన్నా. ఇంకో చక్రం తేవాలి" అంది, ఆయన కళ్ళలోకి చూస్తూ.

చక్రం టీ సాసరంత అయిపోయింది. ఆయన తల ఊపాడు.

*

మర్నాడు కూతురు బజారుకు వెళ్ళి, కొత్త తెల్ల చక్రం ఉన్న అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. సానాయన పెట్టె విప్పి, రంపంపొట్టు దులిపి, చక్రాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. ఎక్కడా గీత లేదు, మచ్చ లేదు. పటిక బెల్లంలా మెరుస్తోంది.

ఇక మోగించి చూడాలి. ఎంత కొత్త చక్రమైనా మోగించకుండా ఇరుసుకు ఎక్కించకూడదు. లోపల కంటికి కనబడని పగులు ఉంటే, వేగం అందుకున్నాక చక్రం ముక్కలై లేస్తుంది. ఆ ముక్క తగిలిన చోట గోడకే గుంట పడుతుంది. మంచి చక్రాన్ని కర్రతో తడితే గంటలా పలుకుతుంది. పగిలింది పలకదు. చూడ్డానికి ఇంతే పరీక్ష, కానీ ఆయన ఇన్నేళ్ళ బతుకూ ఆ పరీక్ష మీదే నిలబడి ఉంది.

చక్రం నడిమి కన్నంలో వేలు దూర్చి, గాల్లో వేలాడదీసి, సుత్తి పిడితో తట్టాడు.

ణంగ్. ఎంత శుభ్రమైన శబ్దం! తేలికగా లేచి గది పైకప్పు దాకా వెళ్ళి నెమ్మదిగా దిగింది. చక్రం కొంచెం తిప్పి మళ్ళీ తట్టాడు. మళ్ళీ ణంగ్.

"బంగారం లాంటి చక్రం" అన్నాడు. "రేపు పొద్దున్నే ఎక్కిస్తాను."

కూతురు కదల్లేదు. ఆమె నుదురు ముడిపడి ఉంది.

"అది మోగలేదు నాన్నా."

"ఏంటీ?"

ఆమె దగ్గరకొచ్చింది. "మోగలేదు. టప్ మంది."

ఆయనకు నవ్వొచ్చింది. "నీకు చెవి లేదని ఊరికే అన్నానా? ఇదిగో, విను." గరుకు యంత్రం కోసం దాచి గోడకు తగిలించిన మరో మంచి చక్రాన్ని తీసి దాన్నీ తట్టాడు, దీన్నీ తట్టాడు. "అది విను. ఇది విను. రెంటికీ తేడా ఏమన్నా ఉందా?"

"ఉంది. అది గంట. ఇది పగిలిన కుండ."

"పగిలిన కుండా! ఏమే, ఇలా రా." భార్య చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వు చెప్పు, ఏది మోగింది?"

ఆవిడ రెండు చప్పుళ్ళూ విని, మొగుడి మొహం చూసి, కూతురి మొహం చూసి, "నాకెందుకొచ్చిన తీర్పు? మీ తండ్రీకూతుళ్ళ మధ్యకొస్తే నా తల మోగుతుంది" అని వెళ్ళిపోయింది.

"దయచేసి దాన్ని ఎక్కించకు నాన్నా" అంది కూతురు. ఆమె గొంతు ఆయనకు వినబడలేదు. పెదాలు కదలడం చూసి ఆ మాట పోల్చుకున్నాడు. ఆమె తన మాట ఎదురుగా కాదనడం ఇదే మొదటిసారి. ఆయనకు కోపం రావలసింది పోయి, ఎవరో కాళ్ళ కింద చాప లాగుతున్నట్టు అనిపించింది. అలా అనిపించినందుకు అప్పుడు కోపం వచ్చింది.

"ఈ గదిలో చక్రం బాగోగులు చెప్పాల్సింది నేనా, నువ్వా?"

ఆమె నీళ్ళ డబ్బా కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆయన చాలాసేపు చక్రాన్ని తడుతూ కూర్చున్నాడు. ప్రతిసారీ అది చక్కగా పలికింది. అంత చక్కగా పలుకుతున్నదాన్ని ఒక మనిషి ఎలా వినకుండా ఉండగలదా అని ఆశ్చర్యపోయాడు.

*

తెల్లవారి ఇంట్లోవాళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళుండగానే సానాయన వెనక గదిలోకి వెళ్ళాడు. కూతురు వచ్చి మళ్ళీ ఏదో అనేలోగా కొత్త చక్రం బిగించేద్దామని ఆయన ఉద్దేశం. కిటికీలోంచి మంచి వెలుతురు పడుతోంది. పానా తీసి పక్కన పెట్టుకున్నాక, వడ్రంగి ఉలుల్లో గరుకు పని మిగిలిపోయింది ఒకటి కనబడింది. ముందు దాని సంగతి చూద్దామని గరుకు చక్రం స్విచ్చి వేసి, ఉలి అంచును వెలుతురుకేసి పట్టి చూస్తూ నిలబడ్డాడు. వెనక చక్రం గొంతు సవరించుకుంది. గరగరమంది. మెల్లగా పైకి లేచి, నిండుగా తిరిగే స్థాయి అందుకుంది. ఇక ఆనించవచ్చని తిరిగి, ఉలిని పట్టె మీద పెట్టి ముందుకు తోశాడు.

రవ్వలు రాలేదు.

ఇంకొంచెం నొక్కాడు. ఉలి చక్రానికి తగిలి ఆగిపోయింది. చక్రం మీది గరుకు పలుకులు ఒక్కొక్కటీ విడివిడిగా, ఇసకలో గాజు రేణువుల్లా కనబడుతున్నాయి. తిరిగే చక్రం మీద అవి కనబడవు. అది తిరగడం లేదు.

మోత మాత్రం గది నిండా ఉంది.

ఆయన స్విచ్చి ఆపాడు. మోత ఎప్పటిలాగే తగ్గుతూ, చివర్లో చిన్నగా దగ్గి ఆగింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ లేచింది. పైన లైటు స్విచ్చి నొక్కి చూశాడు, వెలగలేదు. కరెంటు లేదు.

భయపడాలని కూడా తోచలేదు ఆయనకు. వేలెత్తి, తిరగని చక్రం అంచు మీద పెట్టాడు. చల్లగా, కదలకుండా ఉంది. వేలి కింద రాయి, చెవిలో రాయి మోత. ఈ రెండూ ఒకే చోట ఎలా ఉన్నాయి?

తెల్ల చక్రం దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేశాడు. సన్నటి గొంతు సాగదీస్తూ మొదలైంది. రాతి చక్రం స్విచ్చి వేశాడు. తొట్టిలో నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళ మీద బరువుగా తిరిగే రాయి గళగళ మాత్రం ఆయనకు వినిపిస్తూనే ఉంది. గుడ్డ చక్రం స్విచ్చి వేశాడు. దాని పోగులు వేలాడుతూ ఉన్నాయి, మెత్తటి రెపరెప మాత్రం వినిపిస్తోంది. నాలుగు గొంతులూ కలిశాయి. ఏ ఒక్కటీ ఇంకొకదాన్ని మింగలేదు. ప్రతిదీ దాని చోట్లో, దాని తీరులో, చిన్న జీరతో సహా. ఇంత పొందికగా ఆయన వాటిని ఏనాడూ విని ఉండలేదు. నాలుగు యంత్రాలూ చచ్చినట్టు పడి ఉన్న గదిలో, తన తలలో ఎక్కడో ఎవరో కూర్చుని, తన చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళడం చూసి, దేని మోత దానికి అందిస్తున్నారు. అంత నమ్మకమైన పనివాడు తన లోపల ఉన్నాడని, తనకు తెలియకుండా తన కోసమే ఇంత చాకిరీ చేస్తున్నాడని తలుచుకుంటే ఆయనకు ఒళ్ళు జలదరించింది. అలా ఎన్నాళ్ళుగా అందిస్తున్నాడు? నిజమైన మోత ఎక్కడ ఆగింది, వీడి మోత ఎక్కడ మొదలైంది? వెనక్కి ఎంత వెతికినా ఆ అతుకు దొరకలేదు.

అప్పుడు కొత్త చక్రం గుర్తొచ్చింది.

కన్నంలో వేలు దూర్చి పైకెత్తాడు. సుత్తి పిడి తీసుకుని తట్టడానికి చెయ్యి చాపాడు. పిడి ఇంకా చక్రానికి తగల్లేదు, బెత్తెడు దూరంలో ఉంది.

ణంగ్ మంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. శబ్దం తేలికగా లేచి, పైకప్పు దాకా వెళ్ళి, దిగింది. బంగారం లాంటి శబ్దం. ఆయన చక్రాన్ని బల్ల మీద పెట్టేసి, స్టూలు మీద కూలబడ్డాడు. నిన్న తట్టినప్పుడు విన్నదీ ఇదే. తను వినాలనుకున్నదే తనకు వినబడింది. ఎదురుగా నీళ్ళ డబ్బా ఉంది. నిన్న కూతురు పెట్టిన చోటే, తెల్ల చక్రానికి సూటిగా. చక్రం ముక్కలై లేచే వేళకి అక్కడే ఆమె నిలబడి ఉండేది. ఆ డబ్బా కేసి చూస్తూ ఆయన ఎంతసేపు కూర్చున్నాడో.

డబ్బాను చూస్తుండగా పక్కనున్న తొట్టిలో నీళ్ళు కదిలాయి. అద్దంలాంటి నీళ్ళు ముడతలు పడ్డాయి. గుడ్డ చక్రం పోగులు పువ్వు విచ్చుకున్నట్టు విచ్చుకుని, గుండ్రటి పొగలా మారాయి. గరుకు చక్రం మీది పలుకులు ఒకదాన్లో ఒకటి కలిసి నున్నటి బూడిదరంగు అయిపోయాయి. కరెంటు వచ్చింది. నాలుగు యంత్రాలూ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టాయి. ఆయన చెవుల్లో మాత్రం ఒక్క పిసరు కూడా తేడా రాలేదు.

కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. హోరుకు హడలిపోయిందని ఆమె మొహంలో తెలుస్తోంది. ఏదో అంటూ ఒక్కొక్క స్విచ్చీ ఆపుతూ వెళ్ళింది. చక్రాలు నెమ్మదించాయి. పలుకులు మళ్ళీ విడివిడిగా కనబడ్డాయి. నీళ్ళు తేరుకున్నాయి. కానీ ఆపింది తన చెయ్యి కాదు కాబట్టో ఏమో, ఆయన లోపలి మోత ఆగలేదు.

చెప్పకుండా తప్పుకోవచ్చు. కొత్త చక్రాన్ని పొరపాటున జారిపోయినట్టు కింద పడేస్తే చాలు, ఇంకోటి తెప్పించుకోవచ్చు, గది గదిలా ఉంటుంది. ఆ దారి ఆయనకు స్పష్టంగా కనబడింది. చెబితే ఈ గదికి తాళం పడుతుందని కూడా కనబడింది. తెల్ల చక్రం ముందు నిలబడి ఉన్న కూతుర్ని చూశాడు.

"ఆగాయా అమ్మాయ్?" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"చక్రాలు. ఆగాయా అని."

ఆమె చక్రాల కేసి చూసింది. తర్వాత ఆయన కేసి చూసింది. కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. దగ్గరికి వచ్చి, ఆయన ముందు గొంతుక్కూర్చుని, నెమ్మదిగా, "ఆగిపోయాయి నాన్నా. ఎప్పుడో ఆగిపోయాయి" అంది.

"నాకు తిరుగుతూనే ఉన్నాయి."

ఆయన లేచి, సుత్తి పిడిని ఆమె చేతిలో పెట్టాడు. కొత్త చక్రాన్ని తనే పైకెత్తి పట్టుకున్నాడు.

"కొట్టు."

ఆమె తట్టింది. ఆయన చక్రాన్ని చూడలేదు, ఆమె మొహాన్ని చూశాడు. శబ్దం తగిలిన చోట ఆ మొహం చప్పున మూసుకుపోయింది. కిటికీ తలుపు వేసినట్టు. గోడకున్న మంచి చక్రాన్ని తీసి పట్టుకున్నాడు. "ఇది." ఆమె తట్టింది. ఈసారి కనుబొమలు విడివడ్డాయి. చూపు ఎక్కడో పైకి, దేనివెంటో వెళ్ళి, మెల్లగా వెనక్కి వచ్చింది. ఆ వెళ్ళి రావడానికి పట్టిన సమయమే శబ్దం గాల్లో నిలిచిన సమయమని ఆయనకు అర్థమైంది. వినడం ఇలా ఉంటుందా! బతుకంతా విన్నాడు గానీ ఒక మనిషి వింటున్నప్పుడు ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఇంకోసారి కొట్టు" అన్నాడు, ఊరికే ఆ మొహం చూడ్డానికి.

పగిలిన చక్రాన్ని ఎవరూ మళ్ళీ వాడకుండా బద్దలు కొట్టి పారెయ్యడం ఆ పనిలో ఉన్న పద్ధతి. పెరట్లో రాయి మీద పెట్టి, సుత్తితో ఒక్కటి వేశాడు. చక్రం ఎవరో ముందే గీసి పెట్టినట్టు అడ్డంగా రెండు చెక్కలైంది. లోపలి పగులు ఒక అంచు నుంచి నడిమి కన్నం దాకా సన్నటి వెంట్రుకలా పాకి ఉంది. ఒక చెక్కను చేతిలో పట్టుకుని బరువు చూశాడు. పుట్టిన కూతుర్ని మొదటిసారి ఎత్తుకున్నప్పటి బరువు కన్నా తక్కువే ఉంటుంది. దాన్ని కింద పెట్టడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

"ఏమైందిట?" అంది భార్య ఆయనకు టీ గ్లాసు అందిస్తూ, కూతురితో.

"చక్రం పగిలిందమ్మా."

"అదేగా నిన్న నువ్వు మొత్తుకున్నది! నాకు నిన్ననే తెలుసు."

"తెలిస్తే చెప్పొచ్చుగా?"

"ఆయనకి చెప్పినా వినిపించి చావాలిగా" అంది ఆవిడ. అని, మొగుడు టీ గ్లాసు అందుకుని తాగడం మరిచిపోయి నిలబడటం చూసి, ఆ వేళ్ళ చుట్టూ తన వేళ్ళు బిగించి పట్టుకుంది.

*

మధ్యాహ్నానికి కూతురు బజారునుంచి ఇంకో చక్రం తెచ్చింది. కొట్లో ఉన్నవన్నీ దింపించి, ఒక్కొక్కటే మోగించి చూసిందట. కొట్టువాడు "పెళ్ళికి సన్నాయి బేరం చేస్తున్నావా తల్లీ" అన్నాడని చెప్పి నవ్వింది. ఇంటికొచ్చాక మళ్ళీ తట్టింది. ఆయన ఆమె మొహం చూసి తల ఊపాడు.

"నువ్వే ఎక్కించు" అన్నాడు.

ఆమె ఆయన వైపు చూసింది.

"ఎక్కించు. నేను పట్టుకుంటాలే."

ఆమె పాత చక్రం ఊడదీసింది. ఇరుసు తుడిచింది. కాగితపు బిళ్ళ, దాని మీద చక్రం, మళ్ళీ కాగితపు బిళ్ళ, రేకు బిళ్ళ, నట్టు. పానా తిప్పుతుంటే, మరీ బిగిస్తే చక్రానికి ప్రమాదమని చెప్పబోయాడు. చెప్పేలోగానే ఆమె చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళూ నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషి ఏం చూస్తూ నిలబడిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

వడ్రంగి ఉలుల కోసం వచ్చి గుమ్మంలో చేరబడ్డాడు. కొత్తగా ఎక్కించిన చక్రాన్ని ముందు ఊరికే తిరగనివ్వాలి. ఆ కాసేపూ దాని ఎదుట ఎవరూ ఉండకూడదు. కూతురు తండ్రి భుజం పట్టి పక్కకు జరిపి, తనూ జరిగి, చెయ్యి చాపి స్విచ్చి వేసింది.

చక్రం కదిలింది. అంచు మసకబారి, తెల్లటి మంచు ముద్దలా నిలిచింది. ఆయన ఎదురుచూశాడు. పొద్దుటి మోత ఎప్పుడు అణిగిందో తెలియదు, లోపలినుంచి ఆ సన్నటి గొంతూ రాలేదు. పొద్దున్న అంత నమ్మకంగా పనిచేసినవాడు ఇప్పుడు ఎక్కడికి పోయాడో. దాని చోట్లో, ఎంత చూసినా అవతలి గట్టు కనబడనంత వెడల్పున, ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఒడ్డున ఆయన నిలబడ్డాడు. ఎదురుగా కూతురు తల కొద్దిగా వంచి, చూపు గోడ మీద ఎక్కడో వదిలేసి, ఊపిరి బిగబట్టి ఉంది.

ఆమె పెదాలు కదల్లేదు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

వడ్రంగి నవ్వుతూ ఏదో అనడానికి నోరు తెరవడం సానాయన ఓరకంట చూశాడు. చటుక్కున చెయ్యెత్తి ఆపి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. అమ్మాయి వింటోంది.